అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగిందా, ఆగిందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బెంగళూరులో ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పనిలో ఉన్నారు. లండన్ క్లయింట్ కాల్‌లో ‘ది అలారం వెంట్ ఆఫ్ ఎట్ త్రీ’ అన్నాడు. మూడింటికి అలారం ఆగిపోయిందన్నమాట అనుకుని, ‘సమస్య మూడింటికి సర్దుకుంది’ అని టికెట్‌లో, అంటే ఆ సమస్యను నమోదు చేసే రికార్డులో, రాసేశారు. తీరా చూస్తే సమస్య మొదలైందే మూడింటికి. తర్వాత డిక్షనరీ తీస్తే గో ఆఫ్ కింద మోగడం, పేలడం, ఆరిపోవడం, పాడవడం, వెళ్ళిపోవడం, ఇష్టం పోవడం అంటూ వరసగా కనిపించాయి. ఒక్క మాటకు ఒకదానికొకటి పొసగని ఇన్ని అర్థాలు ఎందుకు, ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా, ఇప్పుడు ఆ టికెట్ సంగతేమిటి అన్నది మీ ప్రశ్న.

సూటిగా జవాబు ముందు చెప్పేస్తాను. అలారం, సైరన్, బజర్, ఫోన్ లాంటి చప్పుడు చేసే వస్తువు ‘వెంట్ ఆఫ్’ అంటే మోగిందనే. అది ఆగిందని చెప్పాలనుకుంటే వాళ్ళు ‘స్టాప్డ్’ అంటారు. లైటు, ఏసీ, హీటర్, కరెంటు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆగిపోయిందని. బాంబు, తుపాకీ, టపాకాయ అయితే పేలిందని. పాలు, చేపలు, మాంసం అయితే పాడైందని. మనిషి అయితే ఎక్కడికో వెళ్ళాడని. గో ఆఫ్ అర్థం తేల్చుకోవాలంటే ముందు కర్త ఎవరో చూడండి. ఏది ‘వెంట్ ఆఫ్’ అన్నది తెలిస్తే, నూటికి తొంభై సార్లు అర్థం దానంతటదే తేలిపోతుంది. బట్టీ అక్కర్లేదు.

ఇక కారణాల్లోకి వస్తాను. నేను మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు కంపెనీల్లో ఇంగ్లీషు కమ్యూనికేషన్ నేర్పిస్తుంటాను. సాయంత్రాలు బ్రిటన్ వెళ్ళబోయే నర్సులకు క్లాసులు చెబుతాను. రెండుచోట్లా మనవాళ్ళే ఎక్కువ. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు నుంచి వచ్చినవాళ్ళు. గో ఆఫ్ దగ్గర వాళ్ళందరూ తట్టుకునేది ఒకటే రాయి, మీరు తట్టుకున్నదే.

ఆ రాయి మన ఇంటి గోడ మీదుంది, స్విచ్ బోర్డు రూపంలో. ‘ఆఫ్’ అనే మాట తెలుగులోకి వచ్చింది స్విచ్ ద్వారానే. ఫ్యాన్ ఆఫ్ చెయ్యి, మోటార్ ఆఫ్ చెయ్యి, గ్యాస్ ఆఫ్ చేశావా అంటూ పెరిగాం. ఆఖరికి మాట్లాడుతున్న మనిషిని నోరు మూసుకోమనడానికి కూడా ‘ఇక ఆఫ్ చెయ్’ అంటాం. అంచేత ఆఫ్ అంటే ఆపడం, ఆగడం అని మన చెవిలో స్థిరపడిపోయింది. బడిలో ఎవరూ నేర్పలేదు కాబట్టి దాన్ని ఎవరూ సరిదిద్దలేదు కూడా. ఆ అర్థం తప్పేమీ కాదు, ఇంగ్లీషులోనూ ఉంది. కాకపోతే అది ఆ మాటకు ఒక కొమ్మ మాత్రమే, మొదలు వేరే ఉంది.

మొదట్లో ఇంగ్లీషులో ‘ఆఫ్’, ‘ఆవ్’ ఒకటే మాట. ‘కప్ ఆవ్ టీ’లో వచ్చే ఆవ్ సంగతే చెబుతున్నాను. పాత ఇంగ్లీషులో దానికి ‘నుంచి దూరంగా’ అనే అర్థం ఉండేది. ఒత్తి పలికిన రూపం ఒకటి, తేలిగ్గా పలికిన రూపం ఇంకొకటి కాలక్రమంలో విడిపోయి, స్పెల్లింగులు కూడా వేరయ్యాయి. ఆ ‘దూరంగా’ అనే పాత అర్థమంతా ఒత్తి పలికిన ఆఫ్‌కు దక్కింది. అంటే ఆఫ్ అంటే ఉన్న చోటు నుంచి, పట్టు నుంచి, మామూలు స్థితి నుంచి విడివడిపోవడం. కరెంటు దీపం నుంచి విడివడితే దీపం ఆగిపోయింది. మనిషి ఊరు నుంచి విడివడితే వెళ్ళిపోయాడు. పాలు మామూలు స్థితి నుంచి విడివడితే విరిగిపోయాయి.

మరి అలారం ఎందుకు మోగింది? నేను క్లాసులో చెప్పేదేమిటంటే, పాతకాలపు తుపాకీని, తాళం తిప్పే అలారం గడియారాన్ని ఊహించుకోండి. రెండింట్లోనూ ఒక స్ప్రింగ్ బిగించి ఉంటుంది. దాన్ని ఒక కొక్కెం పట్టి ఉంచుతుంది. ట్రిగ్గర్ నొక్కితేనో, అనుకున్న వేళ అయితేనో కొక్కెం వదిలేస్తుంది. పట్టు విడివడగానే తుపాకీ పేలుతుంది, గంట మోగుతుంది. అంటే ఇక్కడ విడివడడమే పని మొదలుకావడం. ‘గో ఆఫ్ హాఫ్ కాక్డ్’ అని ఒక నానుడి ఉంది, అంతా సిద్ధం చేసుకోకుండా తొందరపడి దూకేవాళ్ళ గురించి. అది కూడా తుపాకీ నుంచి వచ్చిందే. సుత్తి సగమే వెనక్కి లాగినప్పుడు తుపాకీ పేలితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఆ పోలిక వినేటప్పుడు తుపాకీలోని స్ప్రింగ్ కనబడితే, అలారం విషయంలో ఇక మీకు జీవితంలో సందేహం రాదు.

ఇక్కడ మీకొక తాళంచెవి ఇస్తాను. ఇది ఏ పుస్తకంలోనూ చూసి చెబుతున్నది కాదు, క్లాసులో మనవాళ్ళు చెప్పే తెలుగు అర్థాలు బోర్డు మీద రాస్తూ రాస్తూ గమనించింది. గో ఆఫ్‌లో గో అంటే పోవడమే కదా. మనం క్రియ చివర ‘పోవు’ చేర్చి ఎన్ని మాటలు కట్టుకుంటామో చూడండి.

దీపం ఆరిపోయింది. బాంబు పేలిపోయింది. పాలు విరిగిపోయాయి. అన్నం పాచిపోయింది. ఫోన్ ఒకటే మోగిపోతోంది. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. వాడి మీద మనసు విరిగిపోయింది. పెళ్ళి సాఫీగా జరిగిపోయింది. పాప ఇప్పుడే నిద్రపోయింది.

వీటిలో ప్రతిదాన్నీ ఇంగ్లీషులో గో ఆఫ్‌తో చెప్పొచ్చు! చివరి రెండు చాలామందికి తెలియవు. ‘ది వెడ్డింగ్ వెంట్ ఆఫ్ వెల్’ అంటే పెళ్ళి ఏ గొడవా లేకుండా జరిగిపోయిందని. మనవాళ్ళు ఇది విని పెళ్ళి ఆగిపోయిందేమోనని కంగారుపడతారు. అలాగే బ్రిటన్‌లో తల్లులు పసిపాప గురించి ‘షీ హ్యాజ్ జస్ట్ గాన్ ఆఫ్’ అంటే ఇప్పుడే నిద్రపోయిందని, చప్పుడు చేయొద్దని.

తెలుగులో ఈ ‘పోవు’ ఏం చేస్తోంది? ఒక పని మన చెయ్యి దాటి, ఉన్న స్థితిని వదిలి, అవతలి ఒడ్డుకు చేరిపోయిందని చెబుతోంది. గో ఆఫ్‌లో ఆఫ్ చేసే పని దాదాపు అదే. కాబట్టి కాల్‌లో ‘వెంట్ ఆఫ్’ వినబడగానే మనసులో ‘ఏదో -పోయింది’ అనుకోండి. ముందున్న ఖాళీని కర్త నింపుతుంది. అలారమా, మోగిపోయింది. లైటా, ఆరిపోయింది. కూరా, పాడైపోయింది.

కానీ దీన్ని తిరగేసి వాడకండి. గో ఆఫ్ వింటే ‘పోయింది’ అనుకోవచ్చు గానీ, తెలుగులో ‘పోయింది’ అన్న ప్రతిచోటా ఇంగ్లీషులో గో ఆఫ్ పెట్టకూడదు. అలిసిపోయాను, మర్చిపోయాను, తడిసిపోయాను, ఓడిపోయాం వీటికి గో ఆఫ్‌తో సంబంధం లేదు. తాళంచెవి ఒకవైపు నుంచే తిరుగుతుంది. ఇంకొకటి, అమెరికావాళ్ళు ‘హీ వెంట్ ఆఫ్ ఆన్ మీ’ అంటారు, నామీద అరిచేశాడని, ఎగిరిపడ్డాడని. అక్కడ మన ‘పోవు’ అతకదు. పక్కన ‘ఆన్’ ఉండి, దాని తర్వాత మనిషి ఉంటే అది తిట్లపురాణం అని విడిగా గుర్తుపెట్టుకోండి.

ఒక క్రియకు ఇన్ని అర్థాలేమిటని ఇంగ్లీషును తిట్టుకునేవాళ్ళకు నేను మన ‘పట్టు’ను చూపిస్తాను. జలుబు పట్టింది, నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, పిచ్చి పట్టింది, గంట పట్టింది, నాకేం పట్టింది, ఈ పెట్టెలో పట్టదు. మా క్లాసులో ఒక కన్నడ అమ్మాయి ఇది విని, మాకూ ‘హిడి’ ఇలాగే ఉందండీ అంది. తుప్పుకీ, పిచ్చికీ, టైముకీ వాళ్ళు కూడా అదే వాడతారు. ఇన్ని అర్థాల మధ్య మనం ఎప్పుడైనా తడబడ్డామా? జలుబు కనబడగానే జలుబు తాలూకు అర్థం, తుప్పు కనబడగానే తుప్పు తాలూకు అర్థం తీసుకున్నాం. అందుకే కర్తను చూడమంటున్నాను. మీకు రాని విద్య కాదు, మీరు రోజూ తెలుగులో చేస్తున్నదే. అన్నట్టు దీపం ‘కొండెక్కింది’ అంటే ఆరిపోయిందని బయటివాళ్ళకు చెప్పి చూడండి, వాళ్ళ మొహంలో మీ మొహం కనిపిస్తుంది.

ఇప్పుడు నా దగ్గరికొచ్చిన కేసులు రెండు మూడు చెబుతాను. ఏది ఎక్కడ ప్రమాదమో దానివల్ల తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు ఫైర్ అలారం. టెక్ పార్కుల్లో, ఆఫీసుల్లో ‘వెన్ ది అలారం గోస్ ఆఫ్, లీవ్ ద బిల్డింగ్’ లాంటి సూచనలు గోడల మీద ఉంటాయి. దీనికి అర్థమేమిటో ఒక బ్యాచ్‌లో కాగితం మీద రాయమన్నాను. ‘అలారం ఆగిపోయాక బయటికి వెళ్ళాలి’ అని రాసినవాళ్ళు ఉన్నారు. తెలివితక్కువవాళ్ళు కాదు, రోజూ కోడ్ రాసేవాళ్ళు. గంట మోగుతున్నంతసేపూ సీట్లో కూర్చుని, ఆగాక లేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి కొత్త బ్యాచ్ మొదటి క్లాసులోనే ఈ వాక్యం చెప్పేస్తున్నాను. మీరు కూడా మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పండి.

రెండోది ఫోన్. మనం ‘ఫోన్ ఆఫ్ అయిపోయిందండీ’ అంటాం, ఛార్జింగ్ అయిపోయినప్పుడు. దాన్నే ఇంగ్లీషులోకి తిప్పి ‘సారీ, మై ఫోన్ వెంట్ ఆఫ్’ అంటే అవతలివాడికి వినబడేది ‘నా ఫోన్ మోగింది’ అని. ఒకాయన క్లయింట్ కాల్ మధ్యలో లైన్ తెగిపోయి, తిరిగొచ్చి సరిగ్గా ఇదే అన్నాడట. ఫోన్ మోగితే కాల్ ఎందుకు వదిలేశావన్నట్టు అవతలివాళ్ళు చూశారని నా దగ్గర వాపోయాడు. అలాంటప్పుడు ‘మై ఫోన్ డైడ్’ అనండి, లేదా ‘మై బ్యాటరీ డైడ్’ అనండి. చచ్చిపోయిందంటే మనకు అపశకునంగా అనిపిస్తుంది గానీ వాళ్ళకది మామూలు మాట.

మూడోది వ్యాకరణం. గో ఆఫ్ తనంతట తాను జరిగే పని. మనం చేసే పని కాదు. ‘ఐ వెంట్ ఆఫ్ ది అలారం’ అని మనవాళ్ళు రాస్తుంటారు, అలారం ఆపేశాను అనే ఉద్దేశంతో. బ్రిటిష్ చెవికి అది ‘నాకు ఆ అలారం మీద మోజు తీరిపోయింది’ అన్నట్టు వినిపిస్తుంది. ఎందుకంటే గో ఆఫ్ వెనకాల ఒక నామవాచకం వస్తే ఆఫ్ దానికే అతుక్కుంటుంది. ‘ఐ హ్యావ్ గాన్ ఆఫ్ కాఫీ’ అంటే కాఫీ అంటే మొహం మొత్తింది, ఇదివరకటి ఇష్టం లేదు అని. ‘ది కార్ వెంట్ ఆఫ్ ది రోడ్’ అంటే కారు రోడ్డు దిగిపోయింది. అలాగే ‘ది అలారం వజ్ గాన్ ఆఫ్’ అని కూడా రాయకండి. గో ఆఫ్‌కు అలాంటి కర్మణి వాక్యం ఉండదు.

మరి అలారం మోగేలా ఎవరో చేశారని చెప్పాలంటే? దానికి ‘సెట్ ఆఫ్’. ‘ది స్మోక్ సెట్ ఆఫ్ ది అలారం’ అంటే పొగ వల్ల అలారం మోగింది. మోగుతున్నదాన్ని ఆపాలంటే ‘టర్న్ ఆఫ్’. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో పెట్టి మా క్లాసులో పది రకాలుగా చెప్పిస్తాను: సమ్‌వన్ సెట్ ఇట్ ఆఫ్, ఇట్ వెంట్ ఆఫ్, ఐ టర్న్డ్ ఇట్ ఆఫ్. ఎవరో కదిపారు, అది మోగింది, నేను ఆపాను. మూడింట్లోనూ ఆఫ్ ఉంది, మూడు వేర్వేరు పనులు. ఈ ఒక్క వాక్యం నోటికి వస్తే గో ఆఫ్ గొడవ మూడొంతులు తీరినట్టే. సెట్ ఆఫ్‌కు ప్రయాణం మొదలుపెట్టడం అనే అర్థమూ ఉంది, పొద్దున్నే తిరుపతికి ‘సెట్ ఆఫ్’ అయ్యాం అన్నట్టు. అకౌంట్స్‌లో నష్టాన్ని లాభంలో సర్దుకోవడాన్ని కూడా సెట్ ఆఫ్ అంటారు. అవి మీకిప్పుడు అక్కర్లేదు.

దీపావళి దగ్గరికొచ్చినప్పుడు ఇంకొకటి పనికొస్తుంది. మనం ‘బర్స్ట్ క్రాకర్స్’ అంటాం. అది మన దేశపు ఇంగ్లీషు. బ్రిటిష్‌వాళ్ళు టపాకాయలు ‘లెట్ ఆఫ్’ చేస్తారు, అవి ‘గో ఆఫ్’ అవుతాయి. వెలిగించి పరిగెత్తుకొచ్చాక టపాకాయ తుస్సుమంటే ‘ఇట్ డిడ్‌న్ట్ గో ఆఫ్’. పేలలేదని, మోగలేదని చెప్పడానికి ఇంతకన్నా సులువైన మాట లేదు. పొద్దున అలారం మోగక ఆఫీసుకు ఆలస్యమైనా అదే వాక్యం.

నర్సుల క్లాసు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మీకు నేరుగా సంబంధం లేకపోయినా, కర్త గానీ పక్కమాట గానీ మారితే అర్థం ఎంత మారుతుందో అక్కడే బాగా కనబడుతుంది. బ్రిటన్‌లో పెద్దవయసు రోగి కూతురు వచ్చి ‘హీ హ్యాజ్ గాన్ ఆఫ్ హిజ్ ఫుడ్’ అంటుంది. అన్నం పాడైందని కాదు, ఆయన తిండి మానేశాడు, ఆకలి పోయిందని. నర్సుకు అది ముఖ్యమైన లక్షణం, రాసుకోవాలి. అదే వార్డులో ‘ది మిల్క్ హ్యాజ్ గాన్ ఆఫ్’ అంటే పాలు విరిగాయి, పారబొయ్యాలి. ఒక నర్సు ‘గాన్ ఆఫ్ డ్యూటీ’ అంటే షిఫ్ట్ దిగి వెళ్ళిపోయింది. ఒక రోగి ‘ఆఫ్ లెగ్స్’ అని నోట్స్‌లో కనబడితే ముసలాయన లేచి నడవలేకపోతున్నాడని. ఇది అక్కడి ఆస్పత్రుల్లో వాడే మాట, కాలు తీసేశారని భయపడకండి. ఈ నాలుగూ ఒక్క షిఫ్ట్‌లో వినబడొచ్చు. మొదటి క్లాసులో బెంబేలెత్తిపోయే అమ్మాయిలు కొన్నాళ్ళకే ఏ తడబాటూ లేకుండా చెప్పేస్తారు. ఎందుకంటే వాళ్ళ చూపు ఆఫ్ మీంచి తిండి, పాలు, డ్యూటీ, కాళ్ళ మీదకు మళ్ళుతుంది.

బ్రిటన్‌కీ అమెరికాకీ ఇక్కడ తేడా ఉంది, అది కూడా తెలుసుకోండి. పాలు, మాంసం ‘గో ఆఫ్’ అవడం బ్రిటిష్ వాడుక. అమెరికన్లు ‘గాన్ బ్యాడ్’, ‘స్పాయిల్డ్’ అంటారు. కాఫీ మీద ఇష్టం పోవడానికి వాడే గో ఆఫ్ కూడా బ్రిటిష్‌దే. అలారం మోగడం, బాంబు పేలడం రెండుచోట్లా ఒకటే. ఇంకో చిన్న తిరకాసు: బ్రిటన్‌లో హోటల్‌కెళ్తే ‘ది ఫిష్ ఈజ్ ఆఫ్’ అని సర్వర్ అనొచ్చు. చేప కుళ్ళిపోయిందని కాదు, ఇవాళ అయిపోయిందని. మన బెంగళూరు దర్శిని హోటల్ కౌంటర్‌లో ‘ఇడ్లీ ఖాలి’, అంటే ఇడ్లీ అయిపోయింది, అన్నట్టే. కానీ తింటున్న మనిషి అదే మాట అంటే చేప చెడిపోయిందనే అర్థం. చెప్పేదెవరో కూడా చూడాల్సిన కేసు ఇదొకటి.

బట్టీ సంగతికి వస్తాను. గో ఆఫ్‌లా క్రియకు చిన్న మాట చేరి ఏర్పడేవాటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. ‘ఒక్క రోజులో వంద ఫ్రేజల్ వెర్బ్స్’ లాంటి వీడియోలంటే నాకు ఒళ్ళు మంట. వందకి వంద అర్థాలు ఇచ్చి వదిలేస్తారు. ఆ వందకి నిజంగా ఎన్ని అర్థాలున్నాయో తెలుసా? 2007లో డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు పది కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను, అంటే నిజంగా వాడిన ఇంగ్లీషును పోగుచేసిన భాండాగారాన్ని, గాలించారు. ఎక్కువగా వాడే 100 ఫ్రేజల్ వెర్బ్స్‌కు మొత్తం 559 అర్థాలు లెక్క తేలాయి. అంటే ఒక్కోదానికి అయిదుకు పైనే. ఇది వినగానే గుండె జారిపోతుంది.

అయితే ఊరట కలిగించే లెక్క కూడా ఉంది. మెలోడీ గార్నియర్, నార్బర్ట్ ష్మిట్ 2015లో ఎక్కువ వాడుకలో ఉన్న 150 ఫ్రేజల్ వెర్బ్స్‌ను తీసుకుని, ఏ అర్థం ఎన్నిసార్లు వస్తోందో చూశారు. సగటున ఒక్కోదానికి రెండు అర్థాలు తెలిస్తే చాలు, నిజంగా ఎదురయ్యే సందర్భాల్లో నాలుగింట మూడొంతులు వాటితోనే సరిపోతాయని తేలింది. నా అనుభవం కూడా అదే. మిగతా అర్థాలు ఎదురుపడినప్పుడు నేర్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరినప్పుడు అందరి పేర్లూ ముందే బట్టీ పట్టం కదా.

ఇది కొత్త బాధేమీ కాదని కూడా తెలుసుకోండి. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక ఇలాంటి చిన్న మాట చేర్చి అర్థం మార్చేయడం పరాయివాళ్ళను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని రాశాడు. ఉదాహరణలిస్తూ ‘టేక్ ఆఫ్’కు ఆయన చెప్పిన అర్థం అనుకరించడం. విమానాలు లేని రోజులు మరి. ఎవరినైనా ఎగతాళిగా అనుకరించడాన్ని బ్రిటన్‌లో ఇప్పటికీ టేక్ ఆఫ్ అంటారు, కానీ ఇవాళ ఆ మాట వినగానే ఎవరికైనా ముందు తోచేది దేవనహళ్ళి ఎయిర్‌పోర్టే. ఈ మాటల అర్థాలు కాలంతో పాటు జరుగుతూనే ఉంటాయి.

ఎలా నేర్చుకోవాలంటే, నేను చేయించేది ఇది. నోట్‌బుక్‌లో ‘గో ఆఫ్ = మోగు’ అని రాయొద్దు. ఆ సమానం గుర్తే మీ కొంప ముంచింది. కర్తతో సహా పూర్తి వాక్యం రాయండి, మీ పనిలో నిజంగా వినబడినది. మీ విషయంలో ‘ది డిస్క్ స్పేస్ అలర్ట్ వెంట్ ఆఫ్ అగైన్’ అని రాసుకుంటే చాలు. ఇంకో వారానికి కొత్త కర్త దొరికితే దాని కింద రాయండి. డిక్షనరీ చూడాలంటే నేర్చుకునేవాళ్ళ కోసం వేసినవి చూడండి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ వాళ్ళవి ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. అర్థం పక్కన బ్రిటిష్, అమెరికన్ అని గుర్తు వేసి ఉంటుంది, వస్తువు కూడా చెబుతారు. తెలుగు అర్థాలిచ్చే యాప్‌లు అయిదారు మాటలు వరసగా పేర్చి ఊరుకుంటాయి. ఏది దేనికో చెప్పవు.

చెవికి కూడా ఒక పని చెప్పండి. అలారం ‘వెంట్ ఆఫ్’ అన్నప్పుడు ఒత్తు ఆఫ్ మీద పడుతుంది. వెంట్ తేలిపోతుంది. మన చెవి క్రియ కోసం వెతుకుతూ వెంట్ దగ్గర ఆగిపోతుంది, ఈలోగా వాక్యం అయిపోతుంది. ఒత్తు పడిన చిన్న మాటను పట్టుకోవడం అలవాటు చేసుకుంటే కాల్స్‌లో సగం టెన్షన్ తగ్గుతుంది.

మీరు అడగకపోయినా, సపోర్ట్‌లో ఉన్నారు కాబట్టి ఒక్కటి చెప్పాలి. మీ పరిచయం చెప్పుకునేటప్పుడు ‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2019’ అనకండి. మన దేశంలో చదువు పూర్తయిందని అర్థం. మిలిటరీ అకాడమీల్లో శిక్షణ ముగించుకుని వెళ్ళేవాళ్ళకు బ్రిటన్‌లోనూ ఆ మాట ఉంది. మామూలు క్లయింట్‌కు మాత్రం స్పృహ తప్పి పడిపోయారనే వినబడుతుంది. ‘గ్రాడ్యుయేటెడ్’ అంటే సరిపోతుంది. మీ బ్యాచ్‌మేట్స్‌తో ‘2019 పాస్ఔట్’ అనుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. మనలో మనకు అది చక్కటి మాట.

ఇక టికెట్ సంగతి. నా సలహా ఏమిటంటే, రాతలో గో ఆఫ్ జోలికే పోకండి. వింటే అర్థం కావాలి, అంతవరకే. చదివేవాళ్ళలో బెంగళూరువాళ్ళుంటారు, పోలండ్‌వాళ్ళుంటారు, మీలాగే స్విచ్ బోర్డు అర్థం తీసుకునేవాళ్ళు ఎవరో ఒకరుంటారు. అలర్ట్‌లు పంపే పేజర్‌డ్యూటీ లాంటి టూల్స్‌లో మూడు మాటలు ఖాయంగా ఉన్నాయి: ట్రిగ్గర్డ్, అక్నాలెజ్డ్, రిజాల్వ్డ్. మోగింది, చూశాం, తీరింది. ఇవే వాడండి, పక్కన టైమ్, టైమ్ జోన్ రాయండి. ఆ ‘త్రీ’ కూడా లండన్ మూడా మన మూడా అన్నది ఇంకో పేచీ. లండన్ మూడంటే మనకు వేసవిలో ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర.

కాల్‌లో అనుమానం వస్తే మొహమాటపడకుండా ‘సో ఇట్ స్టార్టెడ్ ఎట్ త్రీ, రైట్?’ అని అడిగెయ్యండి. మళ్ళీ చెప్పమనడం కన్నా ఇది నయం, విన్నదాన్ని సరిచూసుకుంటున్నట్టు ఉంటుంది. ఇప్పటికే రాసేసిన నోట్‌ను చెరిపేయకండి. దాని కిందే ఇంకో లైన్ చేర్చండి: ‘కరెక్షన్: ది అలర్ట్ ట్రిగ్గర్డ్ ఎట్ త్రీ, లండన్ టైమ్. రిజల్యూషన్ టైమ్ టు బి కన్ఫర్మ్డ్.’ తర్వాత లాగ్ చూసి ఎప్పుడు సర్దుకుందో ఆ టైమ్ నింపెయ్యండి. క్లయింట్‌కు వేరే సంజాయిషీ మెయిల్ అక్కర్లేదు, ఆ లైన్ సరిపోతుంది.